ఇంటిలోని వస్తువే నిప్పుగా మారినప్పుడు
(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



పద్మాపూరు వాసులకు నిప్పును గూర్చి కొత్తగా చెప్పవలసినది బహు స్వల్పం. బొగ్గు గనుల పంచన పెరిగిన పిల్లవానికి ఒక సంగతి పుస్తకం తెరవకుండానే తెలుసు. కుప్ప పోసిన బొగ్గు అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటుంది. బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌ను మెల్లమెల్లగా పీల్చుకొంటూ వేడెక్కుతుంది. ఆ వేడికి బయటికి పోయే దారి దొరకకపోతే అది కుప్ప నడిబొడ్డున పేరుకొని, ఒకనాటికి పొగగా, ఆపై మంటగా బయటపడుతుంది. ఝరియా బొగ్గు క్షేత్రంలో 1916లో తొలిసారి గుర్తించిన నిప్పు నూరేళ్ళు దాటినా పూర్తిగా ఆరలేదు. అయితే గనిలో నిప్పు చెప్పకుండా రాదు. మొదట చెమ్మ పడుతుంది, తరువాత ఒక విధమైన వాసన వస్తుంది, ఆ తరువాతనే పొగ. వాసన దగ్గర మేల్కొన్నవాడు గనిని కాపాడుతాడు, పొగ దగ్గర మేల్కొన్నవాడు తన ప్రాణాన్ని కాపాడుకొంటాడు.

అటువంటి కుప్ప ఒకటి ఇప్పుడు ప్రతి ఇంటిలోనూ చేరింది. అది సెల్‌ఫోను రూపంలో దిండు కింద ఉంటుంది, ల్యాప్‌టాపు రూపంలో పరుపు మీద ఉంటుంది, ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీ రూపంలో ముందు గదిలో గోడవారగా ఉంటుంది. దీనికీ చెమ్మ, వాసన, పొగ అనే వరుస కలదు. కాని గనిలో ఆ వరుసకు రోజులు పడితే ఇక్కడ కొన్ని నిమిషాలు, ఒక్కొక్కప్పుడు కొన్ని క్షణాలు మాత్రమే పడుతుంది. తేడా అంతా అక్కడనే ఉన్నది.

2022వ సంవత్సరం ఏప్రిల్ నెలను తెలుగువారు మరువరాదు. 19వ తేదీ రాత్రి నిజామాబాదులో ఒక ఇంటివారు స్కూటరు నుండి బ్యాటరీని విడదీసి, ఇంటి లోపల ఛార్జింగుకు పెట్టి నిద్రించారు. తెల్లవారుజామున అది పేలింది. అదే గదిలో నిద్రిస్తున్న 80 సంవత్సరాల వృద్ధుడు మరణించాడు. ఆయనను కాపాడబోయిన కుటుంబ సభ్యులకు కాలిన గాయాలయ్యాయి. వారం తిరగకమునుపే, 23వ తేదీ తెల్లవారుజామున, విజయవాడలో మరొక ఇంట అదే జరిగింది. ఆ స్కూటరు అంతకు ముందురోజే కొన్నది. బ్యాటరీ పడకగదిలో ఛార్జింగులో ఉన్నది. గృహస్థుడు ప్రాణాలు కోల్పోగా భార్యాబిడ్డలు గాయపడ్డారు. అదే సంవత్సరం సెప్టెంబరు 12వ తేదీ రాత్రి సికింద్రాబాదులో, ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము ఉన్న భవనంలో మంటలు లేచి, ఆ పొగ మెట్ల దారిన పైనున్న లాడ్జి అంతస్తులకు ఎగబాకింది. ఎనిమిదిమంది మరణించారు. వారిలో పలువురిని బలిగొన్నది మంట కాదు, పొగ.

ఇటువంటి వార్తలు చదివినప్పుడు పోయినవారి మీదనే తప్పు మోపే అలవాటు లోకంలో కొంత ఉన్నది. పడకగదిలో ఎందుకు పెట్టారు, రాత్రంతా ఎందుకు వదిలారు అని. ఇది న్యాయం కాదు. బ్యాటరీని విడదీసి ఇంట్లోకి తీసుకొనిపోయి ఛార్జింగు చేసుకొనవచ్చునన్నదే ఆనాడు ఆ వాహనాలకు ప్రధానమైన ప్రచారం. మేడమీద కాపురముండేవారికి, అద్దె ఇళ్ళవారికి మరొక మార్గమూ లేదు. ఆ నెలలోనే మూడు కంపెనీలు కలిసి 6,600కు పైగా స్కూటర్లను తనిఖీకై వెనుకకు పిలిపించుకొన్నాయి. కేంద్ర ప్రభుత్వం నిపుణులచే విచారణ జరిపించి బ్యాటరీ ప్రమాణాలను కఠినతరం చేసింది. ఆ నిబంధనలు రెండు విడతలుగా, 2022 డిసెంబరు 1 నుండి, 2023 మార్చి 31 నుండి అమలులోకి వచ్చాయి. ఒక సెల్లులో నిప్పు పుడితే అది బ్యాటరీ అంతటికీ ప్రాకే అంశాన్ని కూడా పరీక్షలలో చేర్చారు. ఇది మెచ్చదగినదే. అయితే ఆ తేదీలకు ముందు అమ్ముడైన వాహనాలకు ఆ కొత్త పరీక్షలు జరిగి ఉండవు. సెకండు హ్యాండులో వాహనం కొనేవారు తయారైన నెల, సంవత్సరం అడిగి తెలుసుకొనవలెను.

బ్యాటరీలోపల జరిగేదేమిటో తెలిస్తే చేయవలసినదేమిటో సులభంగా బోధపడుతుంది. లిథియం అయాన్ బ్యాటరీని 1991లో జపానులోని సోనీ సంస్థ తొలిసారిగా విపణిలోకి తెచ్చింది. ఆ బ్యాటరీ వెనుకనున్న పరిశోధనకు 2019లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమానం లభించింది. అంత ఘనమైన వస్తువే. దానిలో ధన, ఋణ ధ్రువాల పలకలను వెంట్రుక కంటె పలుచనైన ప్లాస్టిక్ పొర ఒకటి వేరుచేస్తూ ఉంటుంది. ఇంటిల్లిపాది భద్రత ఆ పొర మీద ఆధారపడి ఉన్నది. ఫోను గట్టిగా నేలబడినా, తయారీలో లోహపు రేణువు ఒకటి లోపల మిగిలినా, సరిపడని ఛార్జరుతో అతిగా ఛార్జింగు జరిగినా ఆ పొర దెబ్బతింటుంది. దాదాపు 130 డిగ్రీల వేడికి కరగడం మొదలుపెడుతుంది. అప్పుడు రెండు ధ్రువాలూ లోపలనే కలిసి వేడి పుడుతుంది, ఆ వేడి రసాయన చర్యలను పెంచుతుంది, ఆ చర్యలు మరింత వేడిని పుట్టిస్తాయి. గనివారికి ఈ చక్రం కొత్త కాదు.

కాని ఒక్క విషయంలో బొగ్గుకూ బ్యాటరీకీ పోలిక చెడుతుంది, ప్రాణాలు పోయేదీ అక్కడనే. గనిలో నిప్పు పుడితే ఆ భాగానికి అడ్డుగోడ కట్టి గాలి ఆడకుండా చేస్తారు. గాలి లేక నిప్పు చస్తుంది. బ్యాటరీ నిప్పుకు ఆ వైద్యం పనిచేయదు. కోబాల్టు, నికెలు వంటి లోహాల ఆక్సైడులతో చేసిన ధ్రువం వేడెక్కినప్పుడు తనలోని ఆక్సిజన్‌ను తానే వదలుతుంది. తన గాలిని తానే వెంట తెచ్చుకొన్న నిప్పు అది. దుప్పటి కప్పినా, బోర్లించిన బిందె కింద పెట్టినా లోపలి చర్య ఆగదు. పైగా అప్పుడు వెలువడే వాయువులు మండే స్వభావం కలవి, విషపూరితమైనవి. ఇసుక పోస్తే నిప్పురవ్వలు ఎగిరి పక్క వస్తువుల మీద పడకుండా ఆగుతాయే గాని లోపలి వేడి తగ్గదు. వేడిని తీసివేయగలిగినది పుష్కలమైన నీరు మాత్రమే.

పేరుమోసిన కంపెనీ వస్తువు గదా, దీనికేమి భయం అనుకొనరాదు. 2007 ఆగస్టులో నోకియా ఫోన్లలోని బి.ఎల్.-5సి అనే బ్యాటరీ గురించి దేశమంతటా లేచిన కలకలం పూర్వ విద్యార్థులలో చాలమందికి జ్ఞాపకముండే ఉంటుంది. జపాను సంస్థ ఒకటి తయారుచేసిన 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలు అతిగా వేడెక్కవచ్చునని నోకియాయే ప్రకటించింది. బ్యాటరీ వెనుకనున్న 26 అంకెల, అక్షరాల సంఖ్యను సరిచూచుకొని మార్చుకొనమన్నది. దుకాణాల ముందు జనం బారులు తీరారు. 2016లో సామ్‌సంగ్ వారి గెలాక్సీ నోట్ 7 ఫోన్లు అంటుకొంటున్నాయని సెప్టెంబరులో 25 లక్షలు వెనుకకు పిలిచి వేరేవి ఇస్తే, అవి కూడా అంటుకొన్నాయి. అక్టోబరులో ఆ రకం తయారీనే మానుకొన్నారు. ఈ రెండింటిలోనూ కంపెనీ నోరు తెరిచింది, వస్తువు మీద సంఖ్య ఉన్నది, కొన్నవాడు దానిని చూచుకొనగలిగాడు. సంతలో కొన్న పేరులేని ఛార్జరుకు, నకిలీ బ్యాటరీకి ఈ మూడింటిలో ఏదీ ఉండదు. చౌకగా వచ్చినదన్న ఆ నలభై యాభై రూపాయల తేడా ఎక్కడ తగ్గించారో తెలియదు. మన దేశంలో ఫోను బ్యాటరీలకు, ఛార్జర్లకు భారత ప్రమాణాల సంస్థ వద్ద నమోదు తప్పనిసరి. 'ఆర్' అక్షరంతో మొదలయ్యే ఆ నమోదు సంఖ్య వస్తువు మీద ముద్రించి ఉంటుంది. 'బి.ఐ.ఎస్. కేర్' అనే యాప్‌లో ఆ సంఖ్య కొట్టి చూస్తే అది నిజమైనదో కాదో తెలుస్తుంది.

ఇక బ్యాటరీ లేని యంత్రాల సంగతి. విదర్భవాసులు ఎన్నటికీ మరువలేని ఉదంతం భండారాది. 2021 జనవరి 9వ తేదీ, అర్ధరాత్రి దాటిన తరువాత, జిల్లా ఆసుపత్రిలోని నవజాత శిశువుల విభాగంలో మంటలు చెలరేగి పదిమంది పసికందులు మరణించారు. ఏడుగురిని మాత్రమే బయటికి తేగలిగారు. శిశువులకు వెచ్చదనమిచ్చే యంత్రం తాలూకు విద్యుత్ భాగంలో షార్టు సర్క్యూటు జరిగిందని విచారణ సంఘం తేల్చింది. ప్రాణం పోయవలసిన యంత్రమే అది. లండనులో 2017 జూన్ 14న 72 మందిని బలిగొన్న గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదం నాలుగవ అంతస్తులోని ఒక ఇంటి ఫ్రిజ్ దగ్గర మొదలైనది.

చంద్రపూరు వేసవిలో 45 డిగ్రీలు దాటే రోజులు ఎన్నో. కూలరు లేని ఇల్లు ఉండదు. ఇనుప డొక్కు, దానినిండ నీరు, లోపల మోటారు, ఏడాదిలో ఎనిమిది నెలలు అటకమీద దుమ్ము కొట్టుకొని మార్చిలో నేరుగా ప్లగ్గులోకి చేరే తీగ. ఆ తీగను ఎలుక కొరికినదేమో చూసేవారు తక్కువ. ఎక్స్‌టెన్షన్ బోర్డు సంగతి ఇంకొకటి. గృహాలలోని చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లకు ఉద్దేశించినది. 230 వోల్టుల వద్ద అది మోయగలిగినది సుమారు 1,380 వాట్లు. ఒక ఇస్త్రీపెట్టె వెయ్యి వాట్లు, ఒక గీజరు రెండువేల వాట్లు. ఈ కూడిక ఏడవ తరగతి పిల్లవాడు చేయగలడు, ఇంటిలో ఎవరూ చేయరు. ఎం.సి.బి. మాటిమాటికి పడిపోతుంటే అది ఏదో చెప్పుచున్నదని గ్రహించక, విసుగుతో దాని స్థానంలో పెద్దది వేయించేవారున్నారు. పాత ఫ్యూజులో సన్నని తీగ కాలిపోయినదని లావుపాటి రాగితీగ చుట్టేవారున్నారు. కాపలావాడు అరుస్తున్నాడని వాని నోరు కట్టివేయటం వంటిది ఇది.

గమనింపవలసిన గుర్తులు కొన్ని ఉన్నాయి. ఫోను వెనుకభాగం ఉబ్బటం, తెర ఒక అంచున పైకి లేవటం, ఛార్జింగు లేనప్పుడు కూడా వేడిగా ఉండటం, మందుల వాసనవంటి తీపి ఘాటు, బుసకొట్టిన చప్పుడు. ప్లగ్గు నల్లబడటం, సాకెట్టు మెత్తబడటం, ఎక్కడినుంచో తెలియని కాలిన ప్లాస్టిక్ వాసన. వీటిలో ఏది కనిపించినా ఆ వస్తువు జీవితం ముగిసినదని ఎంచవలెను. “ఇంకా పనిచేస్తూనే ఉన్నది గదా” అన్న మాట ఇక్కడ చెల్లదు. ఇది పలకటం సులభం, పాటించటం కష్టం. అది కొడుకు మొదటి జీతంతో కొనిపెట్టిన ఫోను కావచ్చు, వాయిదాలు ఇంకా తీరని స్కూటరు కావచ్చు. కాని ఆ వాయిదాల లెక్క వేరు, ఈ లెక్క వేరు.

ఉబ్బిన బ్యాటరీ ఇంకా చల్లగా ఉన్నట్లయితే, మొదట గోడ దగ్గర స్విచ్చి కట్టి తరువాత ఛార్జరు తీయవలెను. దానిని నొక్కరాదు, గుచ్చరాదు, ఉబ్బు దిగుతుందేమోనని బరువు పెట్టరాదు. ఇంటి వెలుపల నీడపట్టున, సిమెంటు నేలమీదనో పొడి ఇసుక పోసిన ఇనుప బకెట్టులోనో ఉంచవలెను. మూత బిగించిన డబ్బాలో పెడితే వాయువులు పేరుకొని డబ్బాయే పేలుతుంది. చల్లబడుతుందని ఫ్రిజ్‌లో పెట్టటం మరీ తప్పు. అది పొగ వదులుతూ ఉన్నట్లయితే తాకనే రాదు. కొందరు దానిని చేతబట్టుకొని వీథిలోకి పరుగెత్తబోతారు. ఆ పరుగు మధ్యలోనే అది అంటుకొంటుంది. పైగా పారిపోవలసిన వాకిలికి అడ్డంగా నిప్పు వచ్చి నిలుస్తుంది.

మంట లేచిన తరువాత చేయవలసిన పనులకు ఒక క్రమం ఉన్నది. మొదట మనుషులు, అందునా నిద్రించేవారు, ముసలివారు, పసివారు. వారిని లేపి బయటికి పంపవలెను. తరువాత, దారిలోనే ఉన్నట్లయితే మెయిన్ స్విచ్చి కట్టివేయవలెను. అది మంటకు అవతల ఉన్నట్లయితే వదిలివేయవలెను. బయటికి వచ్చేటప్పుడు ఆ గది తలుపు మూయవలెను. గొళ్ళెం పెట్టనక్కరలేదు, మూస్తే చాలు. మూసిన తలుపు పొగను కొన్ని విలువైన నిమిషాలు ఆపుతుంది. పొగ నిండినచోట నిలువుగా నడవక నేలకు వంగి ప్రాకవలెను. తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకొంటే చాలుననే నమ్మకం ఒకటి ఉన్నది. మసి కొంత ఆగుతుందేమో గాని విషవాయువు ఆగదు. ఆ ధైర్యంతో లోపలికి తిరిగి వెళ్ళటం ప్రమాదకరం.

ఆర్పటానికి పూనుకొనవచ్చునా? ఫోను, ల్యాప్‌టాపు వంటి చిన్న వస్తువై, కరెంటు తెగి, వెనుక తలుపు తెరిచి ఉండి, పొగ ఇంకా గది నిండనప్పుడు దూరం నుండి బకెట్ల కొద్దీ నీరు కుమ్మరించవచ్చు. మంట ఆరినా ఆపక చల్లబరుస్తూనే ఉండవలెను. పక్క సెల్లు గంటల తరువాత కూడా తిరిగి అంటుకొనగలదు. స్కూటరు బ్యాటరీ అంతటిదైతే గృహస్థుని చేతిలో లేని పని అది. బయటపడి అగ్నిమాపక దళానికి వదలవలెను. టీవీ, ఫ్రిజ్, కూలరు, ఇన్వర్టరు మండుతుంటే, కరెంటు తెగినట్లు రూఢిగా తెలిసేవరకు నీరు ముట్టరాదు. పొడి రసాయనం లేక కార్బన్ డయాక్సైడు నింపిన ఆర్పు సాధనం ఉన్నట్లయితే మంట మొదలు మీదికి గురిపెట్టి వాడవలెను. ఆ సాధనం బడిలోనూ గోడకు వేలాడుతూ ఉంటుంది. దాని గడియారపు ముల్లు పచ్చరంగు మీద ఉన్నదా అని ఏడాదికి ఒకసారైనా ఎవరు చూస్తున్నారన్నది ఉపాధ్యాయులు పరస్పరం వేసుకొనదగిన ప్రశ్న.

కాలిన గాయానికి ఇంకు, టూత్‌పేస్టు, పసుపు పూయటం ఇళ్ళలో ఇంకా కనిపిస్తూనే ఉన్నది. ఇరవై నిమిషాలపాటు కుళాయి కింద చల్లని నీటి ధార పట్టటం కంటె మంచి ప్రథమ చికిత్స లేదు. ఐసు వద్దు. గాయం పెద్దదైతే, ముఖానికో చేతులకో తగిలితే, పొగ పీల్చి దగ్గు ఆగకుంటే 108 బండిని పిలిపించవలెను.

నిప్పు ఆరిన తరువాత చాలమంది చేసేది ఒకటే, కాలిన వస్తువును కోపంతో చెత్తకుండీలో పారవేయటం. దానితోపాటు సాక్ష్యమూ పోతుంది. మిగిలిన ముక్కలను, పెట్టెను, బిల్లును భద్రపరచి ఫోటోలు తీయవలెను. 2020 జూలై నుండి అమలైన వినియోగదారుల రక్షణ చట్టం, 2019, లోపమున్న వస్తువువల్ల కలిగిన హానికి తయారీదారుని, అమ్మకందారుని బాధ్యులను చేసింది. పాత చట్టం కింద సాధారణంగా ఎదుటి పక్షం ఉన్న ఊరికో, వ్యవహారం జరిగిన చోటికో పోయి దావా వేయవలసి వచ్చేది. ఇప్పుడు కొన్నవాడు తాను నివసించే జిల్లా కమిషనులోనే వేయవచ్చు. అనగా హైదరాబాదులో కొన్న వస్తువుకైనా చంద్రపూరులోనే ఫిర్యాదు చేసుకొనవచ్చు. వస్తువు వెల 5 లక్షల రూపాయల లోపు ఉన్నట్లయితే రుసుము లేదు. రెండు సంవత్సరాల గడువు ఉన్నది. మొదటి సలహాకు 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. హానికి గురికాకుండానే పనికిరాకపోయిన బ్యాటరీల విషయానికి వస్తే, 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే. పాత సామానులవానికి ఇచ్చినట్లయితే అతడు సుత్తితో పగులగొడతాడు. అతనికీ పిల్లలున్నారు.

చివరగా పిల్లల విషయం. రాత్రివేళ వాసన మొదట పసిగట్టేది ఒక్కొక్కసారి పిల్లలే. నాన్నగారు రాత్రి షిఫ్టు చేసి పడుకొన్నారు, లేపితే కోపపడతారు అన్న భయం వారికి ఉండరాదు. ఆ భయాన్ని తీసివేయవలసినవారు తండ్రులే. మెయిన్ స్విచ్చి ఎక్కడున్నదో పదేళ్ళ పిల్లవానికి చూపించి, వాని చేతనే ఒకసారి కట్టించి చూడవలెను. మరొక చిక్కు ఉన్నది. మహారాష్ట్రలో 101కు గాని 112కు గాని ఫోను చేసినప్పుడు అవతలివారు మరాఠీలోనో హిందీలోనో పలుకుతారు. తెలుగు మాధ్యమంలో చదివే పిల్లవాడు కంగారులో మాట తోచక ఫోను పెట్టివేయవచ్చు. “ఆగ్ లాగలీ ఆహే” అన్న మూడు మాటలు, ఆ వెంట ఊరు పేరు, వాడ పేరు, ఇంటి నంబరు, దగ్గరలోని గుర్తు, ఇంతవరకు మరాఠీలో తడబడకుండా చెప్పగలిగేటట్లు తరగతిలో ఒక పావుగంట చెప్పించి చూస్తే సరిపోతుంది. అవతలివారు అడగటం పూర్తయ్యేవరకు ఫోను పెట్టరాదన్నది కూడా అప్పుడే చెప్పవచ్చు.